కోమ్ నబక్‌కు డేటాబేసు వచ్చిన విధం

ఫైళ్ల యుగం ముగిసిందని పౌరసేవల నవీకరణ శాఖ మంత్రిగారు కైరోలో గురువారం మధ్యాహ్నం ప్రకటించారు. మామూలుగా ఒక యుగం ముగియడానికి కొన్ని శతాబ్దాలు పడుతుంది. ఇది మంత్రిగారు భోజనానికి లేచేలోపు ముగిసింది. ఇకమీదట దేశంలో ప్రతి ఆసుపత్రి వివరాలూ డేటాబేసులోనే ఉండాలనీ, ఎక్కడైనా ఫైలు కనబడితే దాన్నీ దాని తాలూకు ఉద్యోగినీ కలిపి తొలగిస్తామనీ వారు చెప్పారు. సభలో చప్పట్లు కొట్టినవారంతా ఉద్యోగులే.

ఈ వార్త ఎగువ ఈజిప్టులోని కోమ్ నబక్ డయాలిసిస్ కేంద్రానికి ఆదివారం చేరింది. ఆ సమయంలో గుమాస్తా ఇన్‌షిరాహ్ ఒక ఫైలే తెరుచుకుని కూర్చుంది. ఆ లెక్కన ముగిసిపోయిన యుగంలో ఆమె మూడు రోజులు అక్రమంగా నివసించినట్టు.

ఆమె పద్ధతి నిజంగా వెనకబడినదే. కంప్యూటరులో ఒక ఫోల్డరు, అందులో రోగికి ఒకటి చొప్పున అరవై ఒక్క ఫైళ్లు. ఏది తెరిచినా మామూలు అక్షరాలే. చదువు వచ్చినవాళ్లెవరైనా చదువుకోవచ్చు. ఇదే దాని పెద్ద లోపమని తరువాత తేలింది. వారంలో ఏ మూడు రోజులు రావాలి, సూది ఏ చేతికి గుచ్చాలి, వచ్చేటప్పుడు బరువెంత, పోయేటప్పుడు ఎంత అన్నవి పైన ఉండేవి. వాటి కింద ఆమెకు తోచినవి రాసేది. ‘ఖర్జూరాలు దాచుకుని తింటున్నాడు, భార్య చెవిన వేయాలి.’ ‘శనివారం ఆ ఊరికి బస్సు లేదు, ఆలస్యమైనా మంచం ఉంచాలి.’

ఫైలుకు రోగి అసలు పేరు పెడితే పని జరగదు. కోమ్ నబక్‌లో కళ్లు మూసుకుని రాయి విసిరితే ఒక అహ్మద్ ముహమ్మద్ అలీకి తగులుతుంది. ఎవడురా విసిరింది అని వెనక్కి తిరిగేవాడు కూడా అహ్మద్ ముహమ్మద్ అలీయే అవుతాడు. ఆ పేరుతో కేంద్రంలోనే ముగ్గురున్నారు. అందుకని ఇన్‌షిరాహ్ వాళ్లకు ఊరు పెట్టిన పేర్లే పెట్టుకుంది: సెలూన్ అహ్మద్, పావురాల అహ్మద్, పడవ అహ్మద్.

పడవ అహ్మద్ ఆమె తమ్ముడు. ఇరవై ఏళ్లు జనాన్ని నైలు దాటించాడు. నాలుగేళ్లుగా శని, సోమ, బుధవారాల్లో యంత్రం అతన్ని దాటిస్తోంది. ఒక్క వాయిదా తప్పినా ఒంట్లో నీరు చేరుతుందనీ, రెండు మూడు తప్పితే మనిషి గట్టు మీద కూర్చునే మునిగిపోతాడనీ డాక్టరు చెప్పాడు. పడవవాడికి ఆ మాట రెండోసారి చెప్పనవసరం లేకపోయింది.

కేంద్రంలో గుమాస్తాలు ఇద్దరు, కంప్యూటర్లు రెండు. ఇన్‌షిరాహ్, దిమ్యానా ఒకే ఫైలును ఒకేసారి తెరిచి రాస్తే చివరగా భద్రపరిచినవారి రాత మిగిలి, ముందువారి రాత పోయేది. అలా ఒకసారి ఒక రోగి కూర్చున్నచోటే మూడు కిలోలు చిక్కిపోయాడు. అప్పటినుంచి వాళ్లు రాగి కాఫీగిన్నె ఒకటి తెచ్చి పెట్టుకున్నారు. గిన్నె ఎవరి బల్ల మీద ఉంటే వాళ్లే రాయాలి. తొమ్మిదేళ్లలో మళ్లీ ఎవరూ చిక్కిపోలేదు.

ఫైళ్లు మంచివా డేటాబేసు మంచిదా తేల్చడానికి జిల్లా డైరెక్టరు బహీగ్ గారు పదకొండుమందితో సంఘం వేశారు. మంత్రిగారు ముందే తేల్చేశారు కాబట్టి సంఘం ఎంతో స్వేచ్ఛగా చర్చించగలిగింది. కైరో నుంచి ఇంజనీరు హాతిమ్ వచ్చాడు. ఇన్‌షిరాహ్ గదిలో పది నిమిషాలు నిలబడి, కాఫీగిన్నె సంగతి విని, తన పుస్తకంలో ‘వ్యవస్థ ఏదీ లేదు’ అని రాసుకున్నాడు.

“ఒకేసారి పదివేలమంది గుమాస్తాలు రాయబోతే మీ ఫైళ్లు తట్టుకుంటాయా?” అని అడిగాడు.

“ఇద్దరమే ఉన్నాం సార్.”

“ఇవాళ ఇద్దరు. రేపు?”

“రేపు దిమ్యానాకు సెలవు.”

నిజం చెప్పాలంటే ఆమెకు డేటాబేసు మీద కోపమేమీ లేదు. తప్పు బరువు వేస్తే అది తీసుకోదని హాతిమ్ చెప్పాడు. మధ్యలో కరెంటు పోయినా సగం రాత మిగలదన్నాడు. నలభై ఏళ్లలోపు రోగులెందరో అడిగితే రెప్పపాటులో చెబుతుందన్నాడు. కరెంటు పోయి రెండుసార్లు ఫైళ్లు పోగొట్టుకున్న మనిషి కాబట్టి ఆమె శ్రద్ధగా వింది. ఊరిపేర్లు ఎక్కడ రాయాలని మాత్రం అడిగింది. వాటికి గడి లేదనీ, అవి సమాచారం కిందికి రావనీ, కబుర్ల కిందికి వస్తాయనీ హాతిమ్ ఓపికగా చెప్పాడు.

డేటాబేసులో ప్రతి మనిషికీ ఇంకెవరికీ లేని గుర్తు ఒకటి ఉండాలి. దేశంలో అలాంటిది ఉంది. పుట్టిన ప్రతివాడికీ ప్రభుత్వం ఒక సంఖ్య ఇస్తుంది. కాని ఆ సంఖ్యలు వేరే శాఖవి. ఆ శాఖ మంత్రిగారికీ మన మంత్రిగారికీ ఒక ప్రారంభోత్సవంలో రిబ్బను దగ్గర మాటామాటా వచ్చి, రెండు శాఖల మధ్య ఉత్తరాలు నిలిచిపోయాయి. కనుక రోగి పేరునూ అతని తల్లి పేరునూ కలిపి గుర్తుగా వాడాలని నిశ్చయించారు. పేర్లు కలవవచ్చుగాని పేరూ తల్లి పేరూ రెండూ కలవడం అసంభవమని హాతిమ్ లెక్క వేసి చూపించాడు. లెక్కలో తప్పు లేదు.

అయితే హాతిమ్‌ది కైరో. ఎగువ ఈజిప్టులో పుట్టిన మగవాడు ప్రాణం పోయినా నలుగురిలో తల్లి పేరు చెప్పడు. బడిలో ఒకడి తల్లి పేరు బయటపడితే తోటివాళ్లు ఏడాది పొడవునా ఆ పేరుతోనే వాణ్ణి పిలుస్తారు. పెద్దయ్యాక అదే పని చేస్తే కర్రలు లేస్తాయి. ఎవరైనా గట్టిగా నిలదీసి అడిగితే చెప్పడానికి ఒక జవాబు మాత్రం అందరి దగ్గరా ఉంది: హవ్వా. మానవులందరికీ ఆమే తల్లి కాబట్టి అది అబద్ధమూ కాదు.

ఇన్‌షిరాహ్ ఈ సంగతి హాతిమ్‌తో చెప్పింది. మగవాళ్లు నిజం పేరు చెప్పరు సార్ అంది.

“అది తప్పనిసరి గడి మేడమ్. నింపకపోతే వరుస ముందుకు సాగదు.”

“సాగుతుంది సార్. నా భయం అదే.”

నమోదు కార్యక్రమాన్ని బహీగ్ గారు స్వయంగా ప్రారంభించారు. ఆసుపత్రి వసారాలో బల్ల వేశారు. కెమెరాలు వచ్చాయి. రోగులంతా వరుసలో నిలబడ్డారు. మాదిరి కోసం డైరెక్టరు గారే మొదట వివరాలు ఇచ్చారు. బల్ల దగ్గరి అమ్మాయి అందరికీ వినబడేలా తల్లి పేరు అడిగింది.

“హవ్వా,” అన్నారు బహీగ్ గారు తడుముకోకుండా.

వెనకనున్నవాళ్లు తలలూపారు. పైఅధికారి చూపిన మాదిరిని అంత నిష్ఠగా పాటించిన వరుస ఆ జిల్లాలో ముందెన్నడూ లేదు.

తమ్ముడి వివరాలు తానే రాయిస్తానని ఇన్‌షిరాహ్ అడిగింది. గోప్యత దృష్ట్యా బంధువులు రాయించకూడదన్నారు. పైగా ఆ పూట ఆమెకు వేరే పని అప్పగించారు. ఫైళ్లను నాశనం చేసినట్టు రుజువు కోసం ఒక ఫైలు తెరవాలి, దానికి మూడు నకళ్లు ఉండాలి. ఆమె లోపలి గదిలో అరవై ఒక్కసార్లు సంతకం చేస్తుండగా, బయట వసారాలో అహ్మద్ ముహమ్మద్ అలీ, తల్లి పేరు హవ్వా, మూడుసార్లు నమోదయ్యాడు.

డేటాబేసు ఎంత తెలివైనదంటే, ఒకే మనిషి పొరపాటున మూడుసార్లు వచ్చాడని గ్రహించి, మొదట రాసిన వరుస ఉంచి మిగతా రెంటినీ అందులో కలిపేసింది. మొదట వచ్చినవాడు పడవ అహ్మద్ కాబట్టి అతని ఫోను నంబరు మిగిలింది. ఇలాగే ఇద్దరు మహమూద్‌లు ఒకటయ్యారు, నలుగురు హసన్‌లు ఒకటయ్యారు. సాయంత్రానికి అరవై ఒక్కమంది రోగులు ముప్పై ఏడుగురయ్యారు.

మరుసటి వారం మంత్రిగారు మరో ప్రకటన చేశారు. కోమ్ నబక్‌లో మూత్రపిండాల వ్యాధి ముప్పై తొమ్మిది శాతం తగ్గింది. మందులతో లొంగని వ్యాధి సమాచారంతో లొంగిందని వారు అన్నారు. పత్రికలు పటం వేసి చూపించాయి. రోగులు తగ్గినచోట యంత్రాలు ఖాళీగా పడి ఉండడం జాతి సంపదను వృథా చేయడమే కనుక, పద్నాలుగింటిలో అయిదింటిని లారీకెక్కించి, మంత్రిగారు త్వరలో ప్రారంభించబోయే మరో ఆసుపత్రికి తీసుకుపోయారు.

శనివారం పొద్దున పడవ అహ్మద్‌కు కంప్యూటరు చీటీ ఇచ్చింది. చీటీ చూపిస్తే స్టోరు వాళ్లు ఫిల్టరు ఇస్తారు. ఫిల్టరు లేకపోతే యంత్రం ఉట్టి బీరువా. మధ్యాహ్నం పావురాల అహ్మద్ వచ్చాడు. ‘ఈ రోగికి నేటి చికిత్స పూర్తయింది, ఆరోగ్యంగా ఉండండి’ అంది తెర. ఉబ్బిన కాళ్లతో అతను అది చదివించుకుని, ఇంకోసారి చదవమన్నాడు. ఇన్‌షిరాహ్ స్టోరుకు వెళ్లి బతిమాలింది. స్టోరు గుమాస్తా చెడ్డవాడు కాదు. చీటీ లేకుండా ఫిల్టరిస్తే తన ఉద్యోగం పోతుందనీ, తనకూ నలుగురు పిల్లలనీ చెప్పి, ఆమెకు టీ ఇచ్చాడు.

మనిషికి వారానికి మూడు వాయిదాలు. మనిషి ఒక్కడే, మోయాల్సిన ఒళ్లు మూడు. ముగ్గురు అహ్మద్‌లు వసారాలో కూర్చుని తలా ఒక రోజు పంచుకున్నారు. ఎవరికి ఎక్కువ ఆయాసంగా ఉంటే వాళ్లు ముందు పడుకోవాలని ఒప్పందం. సెలూన్ అహ్మద్‌కు నోటి దురుసు ఎక్కువ.

“ప్రభుత్వం లెక్కలో మనం ఒక్కడిమే. మరి ఇవాళ ఎవరి ఇంటికెళ్లి భోంచేయాలో కూడా వాళ్లనే చెప్పమను,” అన్నాడు.

“మీ ఇంటికైతే నేను రాను. మీ ఆవిడ వండే ములూఖియా ఆకుకూరలో ఉప్పెక్కువ,” అన్నాడు పడవ అహ్మద్.

రెండు వారాలకు ముగ్గురి ముఖాలూ ఉబ్బి నిజంగానే ఒకే పోలికకు వచ్చాయి.

ఇన్‌షిరాహ్ అర్జీ రాసింది. మూడు వారాలు రాసింది. చివరికి సవరణల కోసం అదే పదకొండుమంది సంఘం కూర్చుంది. బాధితుడు స్వయంగా వచ్చి నిజమైన తల్లి పేరు చెప్పాలన్నారు. అమ్మ పేరు నేను చెబుతాను, ఆవిడ నాకూ అమ్మే అని ఇన్‌షిరాహ్ అంది. మీరు రోగి కాదు కదా అన్నారు బహీగ్ గారు.

ఆ మాట ఆమె ఇంటికి వెళ్లి తమ్ముడితో చెప్పింది. అతను మంచి జుబ్బా తీసి ఉంచమని భార్య నఫూసాతో అన్నాడు.

సంఘం గదికి మెట్లు ఎక్కడానికి అతను నాలుగుసార్లు ఆగాడు. లోపల పదకొండుమంది, ఇంజనీరు, టీ పోసేవాడు, రికార్డు కోసం ఒక కెమెరా. తల్లి పేరు చెప్పమని హాతిమ్ అడిగాడు. అహ్మద్ అక్క వైపు చూశాడు. ఆమె కిటికీ వైపు చూస్తోంది. యాభై ఏళ్లుగా నోటివెంట రాని పేరును అతను గట్టిగానే చెప్పాడు.

“నబవియ్యా. మా అమ్మ నబవియ్యా. రాసుకోండి.”

పదకొండుమందీ ఆ నేల మీద పుట్టినవాళ్లే. అందరూ తలలు వంచి తమ టీ గ్లాసుల్లోకి చూసుకున్నారు. హాతిమ్ ఒక్కడే ఉత్సాహంగా టైపు చేశాడు. తెర మీద ఎర్రని పెట్టె వచ్చింది: ‘గుర్తును మార్చరాదు.’

తల్లి పేరు గుర్తులో భాగమనీ, ఒకసారి ఇచ్చిన గుర్తు మారితే దాన్ని గుర్తు అనరనీ హాతిమ్ వివరించాడు. వరుసను కొట్టేసి కొత్తగా రాయవచ్చు. కొట్టేయడానికి కారణం ఇవ్వాలి. కారణాల పట్టీలో ఒక్కటే ఉంది: మరణం.

“అయితే చనిపోయాడని వేసి, మళ్లీ రాయండి,” అంది ఇన్‌షిరాహ్.

“చనిపోయినవారిని మళ్లీ ఏ పేరుతోనూ నమోదు చేయడం కుదరదు మేడమ్. అది మోసాల నివారణ కోసం పెట్టింది. పైగా ఆ వరుస పోతే మిగతా ఇద్దరూ దాంతో పాటే పోతారు.”

బహీగ్ గారు కళ్లజోడు తీశారు. ఒకే రోజు నా జిల్లాలో మూడు మరణాలా అన్నారు. పోనీ ముగ్గుర్నీ విడదీస్తే రోగులు పెరిగినట్టే కదా, వ్యాధి మళ్లీ విజృంభించిందని మంత్రిగారికి తానే తన చేత్తో ఉత్తరం రాయాలా అని కూడా అడిగారు. అర్జీ మీద ‘పరిశీలించడమైనది’ అని రాసి, తేదీ వేసి, సభ ముగించారు.

మెట్లు దిగుతూ అహ్మద్ రెండో మెట్టు మీదే కూర్చున్నాడు.

“అక్కా, అమ్మ పేరు అంతమంది చెవుల్లో వేశాను. ఒక్కడైనా కాగితం మీద పెట్టాడా?”

ఆమె అతని పక్కన కూర్చుంది. ఆయాసం తగ్గేదాకా ఇద్దరూ అక్కడే ఉన్నారు.

తరువాతి సోమవారం అతని వంతు. ఆ పొద్దున పావురాల అహ్మద్‌ను ఇద్దరు మనుషులు మోసుకొచ్చారు. పడవ అహ్మద్ అతన్ని ఒకసారి చూసి, తన చేతిలోని చీటీ అతని చేతిలో పెట్టి, నాకు బుధవారం చాలులే అన్నాడు. బుధవారం తెల్లవారుజామున అతను పోయాడు. మధ్యాహ్నం నమాజుకు ముందే పాతిపెట్టారు. రేవులో ఆ రోజు పడవలు నడవలేదు. ఇది ప్రభుత్వ ఉత్తర్వు కాదు.

మూడు రోజుల పరామర్శలు ముగిశాక ఇన్‌షిరాహ్ పనిలోకి వచ్చింది. ముందుగా తమ్ముడి వరుస తెరిచింది. కారణాల పట్టీలో ఉన్న ఆ ఒక్క మాట మీద వేలు పెట్టింది. గాజు తలుపు అవతల బల్ల మీద పావురాల అహ్మద్, సెలూన్ అహ్మద్ కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఆమె వైపు చూడడం లేదు. తనను ఎప్పుడు కోస్తారో తెలిసిన కోడి ఎలా ఎటో చూస్తుందో, అలా చూస్తున్నారు. వారానికి మూడు వాయిదాలు. ఇప్పుడు ఒళ్లు రెండు.

ఆమె వేలు తీసేసి చీటీ అచ్చు వేసింది.

ఆ సాయంత్రం నఫూసా తన భర్త ఫోను పట్టుకుని వచ్చింది. ఆమెకు చదువు రాదు. మోగిందొదినా, ఏముందో చూడు అంది. ఇన్‌షిరాహ్ చదివింది. ప్రియమైన అహ్మద్, మీ నేటి చికిత్స విజయవంతంగా పూర్తయింది, క్రమశిక్షణకు అభినందనలు అని ఉంది. విని నఫూసా కొంగు సర్దుకుంది.

“ఇవి ఇలా వస్తూనే ఉంటాయా?”

“వస్తాయి.”

“అయితే ఫోను నువ్వే ఉంచుకో,” అంది.

ఏడాది తిరిగేసరికి దేశంలోని డయాలిసిస్ కేంద్రాల ఫలితాలు డేటాబేసు తానే లెక్కకట్టి ఇచ్చింది. డేటాబేసు వచ్చాక ఒక్క మరణమూ నమోదు కాని కేంద్రం దేశం మొత్తంలో ఒక్కటే ఉంది. మంత్రిగారు స్వయంగా కోమ్ నబక్ వచ్చారు. వీధికి సున్నం కొట్టారు. ఖాళీ అయిన అయిదు యంత్రాల చోట పూలకుండీలు పెట్టారు. బహీగ్ గారికి పదోన్నతి ప్రకటించారు. హాతిమ్‌ను పొరుగు దేశాలకు సలహాదారుగా పంపుతున్నట్టు చెప్పారు. అత్యంత క్రమం తప్పని రోగిగా అహ్మద్ ముహమ్మద్ అలీ పేరు చదివితే ఇద్దరు మనుషులు లేచి వేదిక వైపు నడిచారు. ఉన్న కుర్చీ ఒక్కటే. ప్రోటోకాల్ అధికారి ఒకరిని వెనక్కి పంపాడు. ఎవరిని పంపాలన్నది అతను వాళ్లనే తేల్చుకోమన్నాడు. వాళ్లకు అది అలవాటే.

చివర కేంద్రం తరఫున ప్రశంసాపత్రం అందుకోవడానికి ఇన్‌షిరాహ్‌ను పిలిచారు. ఫొటోలో నల్లబట్టలు బాగుండవని ప్రోటోకాల్ అధికారి ఆమెకు తెల్లకోటు ఒకటి తొడిగాడు. అది పొట్టిదైంది. కిందా, మెడ దగ్గరా నలుపు కనబడుతూనే ఉంది.

మంత్రిగారు సామాన్యులతో ఆప్యాయంగా మాట్లాడే మనిషి. పత్రం ఆమె చేతికి ఇస్తూ, మైకు పక్కనే ఉందని చూసుకుని, గొంతు తగ్గించారు.

“ఏమ్మా, నల్లబట్టల్లో ఉన్నావు. ఇంట్లో ఎవరైనా పోయారా?”

ఇన్‌షిరాహ్ ముందు వరుసలోకి చూసింది. సెలూన్ అహ్మద్ నేల చూస్తున్నాడు. కుర్చీ దక్కిన పావురాల అహ్మద్ వేదిక మీద ఉబ్బిన చేతులు ఒళ్లో పెట్టుకుని ఆమెనే చూస్తున్నాడు. మర్నాడు సోమవారం.

“లేదు సార్,” అంది. “ఎవరూ పోలేదు.”

మంత్రిగారు ఆ జవాబుకు ఎంతో ముచ్చటపడి, అందరికీ వినబడేలా ఇంకోసారి చెప్పమని మైకు ఆమె ముందుకు జరిపారు.

ఆమె చెప్పింది.